కుంటకు పోయే దారి

ఏడాదిలో కొన్ని వానరాత్రులు న్యూజెర్సీలోని ఒక ఊరు తన రోడ్డును కార్లకు మూసి కప్పలకూ సాలమాండర్లకూ వదిలేస్తుంది. పిల్లలతో కలిసి ఒక రాత్రి ఆ రోడ్డు మీద నడిచి వచ్చాం.

ఉగాది వెళ్ళి వారమైంది. న్యూజెర్సీలో చెట్లకు ఇంకా ఆకు రాలేదు. ఇంటి వెనక నీడపట్టున రెండు మురికి మంచు కుప్పలు కరిగీ కరగకుండా మిగిలి ఉన్నాయి. మధ్యాహ్నం మొదలైన వాన సాయంత్రానికి సన్నబడింది గానీ ఆగలేదు. మా అమ్మాయి ఆఫీసు పని ముగించి, లాప్‌టాప్ మూసి, నేరుగా వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, ఇవాళ రాత్రికి బీక్‌మన్ రోడ్డు మూసేస్తున్నారట. పిల్లలకు ఏడింటికల్లా అన్నం పెట్టేద్దాం" అంది.

రోడ్డు మూసేస్తే మనకు తొందరేమిటని నేను అడిగేలోపే ఎనిమిదేళ్ళ మనవరాలు రబ్బరు బూట్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చేసింది. "సాలమాండర్లు అమ్మమ్మా! ఈ రాత్రే నడుస్తాయి. నువ్వూ రావాలి, తాతయ్యా రావాలి." దాని వెనకే ఐదేళ్ళవాడు, ఒక కాలికి అక్క బూటు, ఇంకో కాలికి తన బూటు.

మా ఆయనకు చలంటే గిట్టదు. బయట తొమ్మిది డిగ్రీలుంది. "కప్పల కోసం ఈ వానలోనా?" అన్నారు. అంటూనే మంకీ క్యాప్ వెతుక్కున్నారు.

సాలమాండర్‌ను నేను బొమ్మల్లో తప్ప చూసి ఎరగను. మన భాషలో దానికి పేరు లేదు, మన నేల మీద ఆ జీవి లేదు కాబట్టి. భారతదేశంలో సాలమాండర్లున్నది డార్జిలింగ్ వైపు కొండల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో మాత్రమే. చూపుకు బల్లిలా ఉంటుంది గానీ బల్లికీ దానికీ చుట్టరికం లేదు. పొలుసులుండవు, గోళ్ళుండవు, చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. కప్పలాగే నీళ్ళలో పుట్టి నేల మీద బతికే ఉభయచరం. కప్పకు పెద్దయ్యేసరికి తోక కరిగిపోతుంది, దీనికి ఉండిపోతుంది.

అల్లుడు భోజనాల బల్ల దగ్గర కూర్చుని నాలుగు టార్చిలైట్లకు ఎర్ర ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాడు. తెల్ల వెలుతురు కళ్ళలో పడితే అవి దారి మధ్యలో ఆగిపోతాయట. ఎర్ర వెలుతురు వాటిని అంతగా కలవరపెట్టదట. నేను అలవాటుగా చేతులకు చలికాలపు క్రీము రాసుకోబోతే మనవరాలు చెయ్యి పట్టుకుని ఆపేసింది. "వద్దమ్మమ్మా, వాటికి చర్మమే నోరు." నిజమే. కప్ప నోటితో నీళ్ళు తాగదు, ఒంటితో పీల్చుకుంటుంది. మన చేతికున్న క్రీమూ దోమల మందూ దాని ఒంట్లోకి అంత సులువుగానూ పోతాయి. ఎనిమిదేళ్ళ పిల్ల ఈ మాటను అన్నం ముందు చేతులు కడుక్కోమన్నంత మామూలుగా చెప్పింది.

అడ్డుకట్ట అవతల

ఈస్ట్ బ్రన్స్‌విక్ మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక టౌన్‌షిప్. గోంగూరా ములక్కాడా దొరికే ఎడిసన్ దీనికి దగ్గరే. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళకు లెక్కలేదు. ఊరి మధ్యనుంచి పద్దెనిమిదో నంబరు హైవే పోతుంది, పొడుగునా దుకాణాలు, పెట్రోలు బంకులు, ఎప్పుడూ ఆగని కార్లు. అమెరికా రాష్ట్రాల్లో జనసాంద్రత అన్నిటికన్నా ఎక్కువున్నది న్యూజెర్సీలోనే. అలాంటి చోట, ఇళ్ళకూ హైవేకూ మధ్య మిగిలిన ఒక అడవి ముక్క పక్కనుంచి పోతుంది బీక్‌మన్ రోడ్డు. రెండు కార్లు ఎదురెదురుగా పోయేంత మామూలు దారి.

రోడ్డుకు ఒకవైపు సాలమాండర్లు కాపురముండే అడవి. ఇంకోవైపు అవి గుడ్లు పెట్టే కుంటలు. రోడ్డు రాకముందు అదంతా ఒకటే. ఏటా శీతాకాలం చివర, నేల కరిగి, రాత్రి ఐదారు డిగ్రీలకు తగ్గకుండా వాన పడిన రోజున అవి బయల్దేరతాయి. అందుకని ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఊరివాళ్ళు, ఈస్ట్ బ్రన్స్‌విక్ పర్యావరణ కమిషన్ మిత్రబృందం చొరవతో, అలాంటి రాత్రుల్లో ఈ రోడ్డును మూసేస్తున్నారు. ఫలానా తేదీ అని ముందుగా చెప్పడానికి లేదు. వాన చెప్పాలి. వాతావరణ సూచన చూసి ఆ రోజుకారోజు ప్రకటిస్తారు. మన దగ్గర రోహిణి కార్తె చివర రైతు ఆకాశం వైపు చూసినట్టు, ఇక్కడ కొందరు మార్చి నెలంతా అలా చూస్తూ ఉంటారు.

అడ్డుకట్టకు చాలా ఇవతలే కారు ఆపి దిగాం. మెరిసే పసుపుపచ్చ కోటు వేసుకున్న ఒక పెద్దావిడ పిల్లల ఎత్తుకు వంగి చెప్పింది. నడవచ్చు, పరుగెత్తకూడదు. అడుగు వేసేముందు ఆ చోట వెలుతురు వేసి చూసుకోవాలి. ఏదైనా కనపడితే నిలబడి దారి ఇవ్వాలి. చేత్తో తీసి పక్కన పెట్టనక్కర్లేదు, దానికి దారి తెలుసు.

అక్కణ్ణుంచి మా ఇంటిల్లిపాదీ గంటకు అర కిలోమీటరు వేగంతో నడిచాం. వెనక ఎక్కడో హైవే హోరు. ముందు చీకటి, తడిసిన ఆకుల వాసన, గొడుగు మీద చినుకులు. దూరంగా అక్కడొకటీ ఇక్కడొకటీ ఎర్ర దీపాలు నేలకు వంగి కదులుతున్నాయి. ఒక దీపం వెనకనుంచి తెలుగు మాట వినపడింది. "కాలు ఎత్తితే ఎక్కడ పెడుతున్నావో చూసుకో నాన్నా." ఎవరో కుర్రతండ్రి. వెలుతురు మొహాన పడకుండా దించి, ఒకరికొకరం తలూపి దాటిపోయాం. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అంతమంది పిల్లలున్న చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

మొదటిది మనవడికి కనపడింది. వాడు నేలకు దగ్గర కదా.

జానెడు పొడవుంది. తడిసిన నల్లరేగడి మట్టిని చేత్తో నున్నగా పిసికి చేసినట్టున్న ఒళ్ళు. వీపు మీద తలనుంచి తోకదాకా రెండు వరసల్లో పచ్చటి చుక్కలు. కొత్త బట్ట కట్టుకునేముందు అంచుకు పసుపు బొట్టు పెడతాం చూడండి, అచ్చం అలా. తల మీది రెండు చుక్కలు మాత్రం కాస్త నారింజ రంగులో ఉన్నాయి. కళ్ళు మిరియాల్లా ముందుకు పొడుచుకొచ్చి, నోరు వెడల్పుగా, ఏదో మంచిమాట విన్నట్టుగా. ముందు కాళ్ళకు నాలుగేసి వేళ్ళు, వెనక కాళ్ళకు ఐదేసి. మనవరాలు లెక్కపెట్టి చూపించింది.

అది కుడి ముందుకాలు ఎత్తింది. కాసేపు గాలిలో ఉంచింది. పెట్టింది. అప్పుడు ఎడమ వెనకకాలు కదిలింది. ఒళ్ళంతా పాములా ఒక పక్కకు వంగి, మళ్ళీ రెండో పక్కకు. నాలుగడుగులకోసారి ఆగింది. దాని ముక్కు మీద ఒక చినుకు పడితే కళ్ళు రెండూ లోపలికి లాక్కుని మళ్ళీ బయటపెట్టింది. మేం ఐదుగురం వానలో నిలబడి ఉన్నాం, అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని వెలుతురు పట్టాడు. రోడ్డు ఇవతలి అంచునుంచి అవతలి అంచుకు చేరడానికి దానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఈ దారి కారుకు ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణానికీ ఈ పదకొండు నిమిషాలకూ ఎక్కడ పొత్తు కుదురుతుంది?

చుక్కల సాలమాండర్ ఏడాదిలో పదకొండు నెలలు నేల లోపలే ఉంటుంది, ఎలుకలూ చుంచులూ తవ్వి వదిలిన బొరియల్లో, ఆకుచెత్త కింద, వానపాములనూ పురుగులనూ తింటూ. పైకొచ్చేది ఈ కొద్ది రాత్రులకే. చాలావరకు ప్రతి ఏడూ అదే కుంటకు, దాదాపు అదే దారిన వెళుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా బతికినవి ఉన్నాయి. మేం చూసినది మా అమ్మాయి ఈ దేశానికి రాకముందునుంచీ ఈ దారిన నడుస్తున్నదే కావచ్చు.

అది అవతల ఆకుల్లోకి జారిపోయాక మనవడు చెయ్యి ఊపి "టాటా" అన్నాడు. మా ఆయన మంకీ క్యాప్ పైకి లాక్కుని, "ఇంకోటి ఎక్కడుందో చూడండి" అన్నారు.

ఎండిపోవడమే దాని బలం

ఇక్కడివాళ్ళు ఆ నీటిని వర్నల్ పూల్ అంటారు, అంటే వసంతపు మడుగు. నాకు మాత్రం చూడగానే వచ్చిన మాట కుంట. ఆకురాలు కాలపు వానలకూ కరిగిన మంచుకూ నిండుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మోకాలిలోతు ఉంటుంది. ఎండాకాలం నడిమికి అడుగంటి, పగుళ్ళిచ్చి, ఆకులు పరుచుకున్న ఒక గుంటగా మిగులుతుంది. వేసవిలో చూసినవాడు ఇది నీళ్ళుండే చోటంటే నమ్మడు. మట్టి పోసి చదును చేస్తే నాలుగు కార్లు పెట్టుకోవచ్చు కదా అనుకుంటాడు.

కుంట ఎండిపోవడం లోపం కాదు. దాని విలువంతా అక్కడే ఉంది. ఏటా ఎండే నీటిలో చేప బతకదు. చేప లేని నీటిలోనే ఈ గుడ్లు మిగులుతాయి. ఏడాది పొడుగునా నీళ్ళుండే అందమైన చెరువును పక్కనే తవ్వి ఇచ్చినా వీటికి పనికిరాదు, అందులో చేపలు చేరి గుడ్లనూ పిల్లలనూ తినేస్తాయి. అందుకే ఉన్న నీళ్ళు ఇంకిపోయేలోపు పుట్టి, పెరిగి, మొప్పలు వదులుకుని, కాళ్ళతో గట్టెక్కాలి. ఒక్కో ఏడు వానలు తగ్గి కుంట ముందే ఎండితే ఆ ఏటి పిల్లలు మొత్తం పోతాయి. తల్లిదండ్రులు దీర్ఘాయుష్షు గలవి కాబట్టి మళ్ళీ ఏడు మళ్ళీ నడుస్తాయి.

రోడ్డు దిగకుండానే ఒకచోట కుంట అంచు కనపడింది. అక్కడికి చేరకముందే చప్పుడు వినపడింది, గుంపుగా బాతులు పోట్లాడుకుంటున్నట్టు. బాతులు కావు, వుడ్ ఫ్రాగ్ అనే అడవి కప్పలు. గోధుమరంగు ఒళ్ళు, కళ్ళ పక్కన దొంగవేషానికి కట్టుకున్నట్టు నల్లటి పట్టీ. టార్చి నీటి మీదకు వేసేసరికి అరుపులు ఆగిపోయాయి. ఆర్పి రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాం. ఒకటి మొదలుపెట్టింది, ఇంకోటి అందుకుంది, మళ్ళీ కుంటంతా గోల.

ఈ కప్ప సంగతి అల్లుడు చెబుతుంటే నేను మొదట నమ్మలేదు. చలికాలమంతా అది లోతుగా బొరియ తవ్వుకోదు, ఆకుచెత్త కిందే పడుకుంటుంది. నేలతోపాటు తనూ గడ్డకట్టిపోతుంది. గుండె ఆగిపోతుంది, ఊపిరి ఆగిపోతుంది, ఒంట్లోని నీటిలో మూడింట రెండువంతులదాకా మంచైపోతుంది. చేత్తో పట్టుకుంటే రాయి. చలి తగలగానే దాని కాలేయం గ్లూకోజును ఒళ్ళంతటికీ పంపుతుంది. ఆ తీపి కణాల లోపల పాకంలా నిండి, మంచు కణం బయటే ఆగిపోయేలా, కణం చితికిపోకుండా కాస్తుంది. వసంతంలో నేల కరిగిన రోజున ముందు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, తర్వాత ఊపిరి, ఆ తర్వాత కాళ్ళు. కదలిక రాగానే కుంటవైపు. అలస్కాలో ఆర్కిటిక్ వలయందాకా బతుకుతున్న కప్ప ఇదొక్కటే. వారం పది రోజుల కిందట రాయిలా పడున్నవే ఇప్పుడు నా ముందు గోల చేస్తున్నాయి. ఈ మాట తెలిశాక ఆ అరుపు నా చెవికి ఇంకోలా వినపడింది.

నీటిలో ఒక ఎండుకొమ్మకు ఆనుకుని గుడ్ల ముద్దలున్నాయి. మనవరాలు వాటిని చూపించి ఇది దేనిలా ఉందో చెప్పమంది. ఆలోచించనక్కర్లేదు. నానబెట్టిన సబ్జా గింజలు. నల్లటి చుక్క, చుట్టూ తేటగా జిగురు, ఒకదానికొకటి అతుక్కుని గుప్పెళ్ళకొద్దీ. "ఫలూదాలోవా?" అంది అది, కళ్ళు పెద్దవి చేసి. ఔను, ఫలూదాలోవే. ఇవి కప్పలవి. సాలమాండర్ గుడ్ల ముద్ద ఇంకా గట్టిగా, చుట్టూ ఒక జిగురు పొరతో ఉంటుంది. కొన్నాళ్ళకు అది పచ్చబడుతుంది, లోపల నాచు పెరిగి. ఆ నాచు గుడ్డులోని పిల్లకు ప్రాణవాయువు ఇస్తుంది, పిల్ల విడిచినదాన్ని తాను తీసుకుంటుంది. అంతేకాదు, ఆ నాచు పిల్ల ఒంటి కణాల లోపలే కాపురముంటున్నట్టు పదిహేనేళ్ళ కిందట శాస్త్రవేత్తలు చూశారు. వెన్నెముకున్న జీవుల్లో అంతకుముందు అలాంటిది ఎవరూ చూసింది లేదు. మోకాలిలోతు మురికిగుంటలో ఇంత కథ.

కుంట అవతలి పొదల్లోంచి ఇంకో చప్పుడు, సన్నగా, ఎడతెగకుండా. సంక్రాంతికి అలంకరించిన ఎడ్లబండి ఊరి మలుపు తిరిగి వస్తుంటే దూరంనుంచి మువ్వలు వినపడతాయే, అలా. స్ప్రింగ్ పీపర్. రూపాయి బిళ్ళ మీద సరిపోయే కప్ప, వీపు మీద ఇంటూ గుర్తు, బరువు ఐదు గ్రాములకు మించదు. గొంతు కింద తన ఒంటంత బుడగ ఊది పిలుస్తుంది. వందల కొద్దీ కలిస్తే కిలోమీటరు దూరందాకా వినపడుతుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

కుమ్మరికుంట

మా ఊరు సూర్యాపేట దగ్గర. ఊరికి పడమట పెద్ద చెరువు, ఇవతల బడి వెనక కుమ్మరికుంట. ఎండాకాలంలో అందులో మగపిల్లలు చిర్రగోనె ఆడేవాళ్ళు, కుమ్మరులు మట్టి తీసుకుపోయేవాళ్ళు. మృగశిర కార్తె వాన ఒక్కటి గట్టిగా పడితే చాలు, ఆ రాత్రి ఊరు నిద్రపోయేది కాదు. అంతవరకూ ఒక్క కప్ప కనపడని చోట వేల కప్పలు. మట్టిలోంచి ఊడిపడ్డట్టు వచ్చేవి. నిజంగా మట్టిలోంచే వస్తాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వెనకకాళ్ళతో నేలను తవ్వుకుంటూ లోపలికి దిగి, ఎండాకాలమంతా అక్కడే గడిపి, తొలకరి తడి తగలగానే పైకొచ్చే కప్పలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఊదిన బూరలా గుండ్రంగా ఉండే బెలూన్ కప్పలు వాటిలో ఒకటి.

బోదురుకప్పలు వేరే సంబరం. మిగతా రోజుల్లో పాచిరంగులో, ఉన్నాయో లేవో తెలియకుండా ఉండే మగకప్పలు, ఆ కొద్ది రోజులు నిలువెల్లా పసుపు పూసుకున్నట్టు మెరిసేవి. చెంపల కింద రెండు నీలిరంగు బుడగలు. మా నాయనమ్మ మమ్మల్ని కుంటగట్టు మీద కూర్చోబెట్టి, లాంతరు పక్కన పెట్టుకుని, "అవి వానను పిలిచినయి, వచ్చింది. ఇప్పుడు పండగ చేసుకుంటున్నయి" అనేది. వాన రాని ఏడు ఆడపిల్లలు రోకలికి వేపమండలు చుట్టి, దానికి కప్పను కట్టి, కప్పతల్లి ఆడుకుంటూ ఇంటింటికీ తిరిగేవాళ్ళు. ప్రతి గడపలోనూ ఆ కప్ప మీద బిందెతో నీళ్ళు పోసేవాళ్ళు. ఆ కప్పకు అది సుఖమేమీ కాదని ఇప్పుడు తెలుసు. కానీ వానకూ కప్పకూ ఉన్న ముడి మా ఊళ్ళో ఎవరికీ ఎవరూ నేర్పనక్కర్లేకుండా తెలిసేది.

పదిహేనేళ్ళ కిందట కుమ్మరికుంటను మట్టి పోసి చదును చేసి ప్లాట్లు వేశారు. కాగితాల్లో అది ఎండిన భూమే. ఏడాదిలో ఏడు నెలలు అది నిజమే కూడా. ఇళ్ళు లేచాయి. మా మరదలు అక్కడే ఇల్లు కట్టుకుంది. మొదటి వానాకాలం కప్పలు ఆమె గడపలోకి వచ్చాయి. వాకిట్లో, మెట్ల మీద, నీళ్ళ డ్రమ్ము చుట్టూ, పడకగదిలో సైతం. చీపురుతో ఊడ్చి అవతల పోసిందట. రెండో ఏడూ వచ్చాయి, కాస్త తక్కువగా. మూడో ఏడు నాలుగైదు. నాలుగో ఏడు ఏమీ రాలేదు. అప్పట్లో ఫోన్‌లో ఈ మాట చెబితే ఇద్దరం నవ్వుకున్నాం. బీక్‌మన్ రోడ్డు మీద నిలబడి, దారి తెలిసిన సాలమాండర్ నడకను చూశాక, ఆ మూడు వానాకాలాలు మా మరదలి పడకగదిలో అవి వెతుక్కున్నదేమిటో నాకు తెలిసింది.

హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ బస్టాపులో దిగేవాళ్ళు అక్కడ చెరువేదని అడగరు. నల్లకుంటలో అద్దెకు దిగేవాళ్ళు కుంట ఎటుందని వెతకరు. పేర్లు మిగిలాయి. అంబర్‌పేటలో బతుకమ్మకుంటను మాత్రం 2025లో తవ్వి మళ్ళీ నీళ్ళు చేర్చారు. ఆ నీటికి కప్పలు చేరుకునే దారి కూడా మిగిలిందో లేదో ఈ వానాకాలం రాత్రిపూట వెళ్ళి వినాలని ఉంది.

మా ఆయనది కృష్ణా డెల్టా. ఆయన చిన్నతనంలో రాత్రిళ్ళు మనుషులు పెట్రోమాక్స్ లైట్లతో పొలాల్లోకి వచ్చి బోదురుకప్పలను గోతాల్లో పట్టుకుపోయేవారట. కాళ్ళు కోసి పెట్టెల్లో పెట్టి అమెరికాకూ యూరప్‌కూ ఎగుమతి. ఒక్కో కప్ప తినే పురుగుల లెక్క అర్థమై, చివరికి 1987లో కేంద్రప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. "అప్పుడు కాళ్ళు ఇక్కడికి పంపాం. ఇప్పుడు వీటి కాళ్ళ కోసం వీళ్ళు రోడ్డాపడం చూస్తున్నాం" అన్నారు మా ఆయన. చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేదు.

రోడ్డు లెక్క

కొన్ని రాత్రులు రోడ్డు మూస్తే ఏమొరుగుతుందని అడిగేవాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు. జేమ్స్ గిబ్స్, గ్రెగరీ శ్రైవర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2005లో ఆ లెక్క కట్టారు. ఒక చోటి పెద్ద సాలమాండర్లలో ఏటా నూటికి పదికి మించి చక్రాల కింద పడితే, కాలక్రమంలో ఆ చోట వాటి వంశమే నిలవదు. రోడ్డు ఆ పని ఒక్క ఏట చేయదు. ఇరవై ఏళ్ళు బతికే జీవులు కాబట్టి కొన్నాళ్ళు అంతా బాగున్నట్టే ఉంటుంది. గుడ్లు మోసుకుపోయే ఆడవి తగ్గుతూ తగ్గుతూ, ఒక వసంతంలో కుంట మూగబోతుంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్‌హర్‌స్ట్ అనే ఊరివాళ్ళు ఇంకో దారి పట్టారు. 1987లో హెన్రీ స్ట్రీట్ కింద రెండు చిన్న సొరంగాలు వేసి, అటూ ఇటూ పొట్టి అడ్డుగోడలు కట్టారు. సాలమాండర్ ఆ గోడ వెంట నడిచి సొరంగంలో దిగి అవతల తేలుతుంది. అమెరికాలో ఇలాంటివి అవే మొదటివి. మన దేశంలో కప్పల ఎగుమతి ఆగిందీ, అక్కడ వాటి కోసం సొరంగం తవ్విందీ ఒకే ఏడాది కావడం చూసి నాకు సంతోషం వేసింది.

రోడ్లొక్కటే కాదు. ప్రపంచం మొత్తం మీద ఎనిమిది వేల పైచిలుకు ఉభయచర జాతులను పరిశీలించి 2023లో ఇచ్చిన లెక్కలో నూటికి నలభైకి పైగా ముప్పులో ఉన్నాయి. పక్షులకన్నా క్షీరదాలకన్నా దారుణమైన స్థితి వీటిదే. యూరప్‌లో సాలమాండర్ల చర్మాన్ని తినేసే ఒక బూజు తెగులును 2013లో గుర్తించారు. అది ఇక్కడికి రాకుండా 2016లో అమెరికా ప్రభుత్వం 201 సాలమాండర్ జాతుల దిగుమతిని ఆపేసింది. బూట్ల అడుగున అంటిన మట్టిని ఇంటికెళ్ళి కడిగి ఆరబెట్టాలని పసుపు కోటావిడ పిల్లలకు చెప్పింది అందుకే.

మన దగ్గర ఇలా పిల్లల్ని తీసుకుని రాత్రి బయల్దేరవచ్చా? తప్పకుండా. కానీ ఇక్కడి పద్ధతి అక్కడికి ఉన్నదున్నట్టు పనికిరాదు. న్యూజెర్సీ కుంటగట్టు మీద నాకు పాము భయం లేదు, మన తొలకరి రాత్రి కప్పల వెనకే కట్లపామూ రక్తపింజరీ బయటికొస్తాయి. కాబట్టి గడ్డిలోకి, పొదల్లోకి అడుగు పెట్టకండి. మోకాళ్ళదాకా బూట్లు, చేతికో మంచి టార్చి, ఆ చోటు తెలిసిన ఊరి మనిషి ఒకరు. రోడ్డు మీదో చప్టా మీదో నిలబడితే చాలు. జూన్‌లో మొదటి గట్టి వాన పడిన రాత్రి, ఎనిమిది దాటాక. ముందు లైటు ఆర్పి చెవులు అప్పగించండి. ఎన్ని రకాల గొంతులున్నాయో పిల్లలను లెక్కపెట్టమనండి. మూడు గొంతులు విడివిడిగా పట్టగలిగితే, మరుసటేడు అక్కడికి మళ్ళీ తీసుకెళ్ళమని వాళ్ళే అడుగుతారు.

తిరుగుదారి

పదిన్నరయింది. మేం చూసినవి పద్నాలుగు సాలమాండర్లు. మనవరాలు వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. అడవి కప్పలు లెక్కకందలేదు. పీపర్ ఒక్కటే, గొడుగు కర్ర మీదికి ఎక్కి కూర్చుంటే అల్లుడు గొడుగును అలాగే పట్టుకుని అది దిగేదాకా వానలో తడిశాడు. మనవడు వాళ్ళమ్మ భుజం మీద నిద్రపోయాడు.

కారు దగ్గరికి వచ్చాం. అది అడ్డుకట్టకు బయట, మామూలుగా కార్లు తిరిగే వైపు. అమ్మాయి పిల్లాణ్ణి పడుకోబెట్టి బెల్టు పెడుతుంటే మనవరాలు టార్చి తీసుకుని నాలుగు చక్రాల కిందా వంగి చూసొచ్చింది. అల్లుడు బండి స్టార్ట్ చేశాడు. హెడ్‌లైట్ల వెలుతురులో ముందున్న తడిరోడ్డు మీద ఆకులున్నాయి, కొన్ని ఆకులు కదులుతున్నాయి.

"ఆగు నాన్నా" అన్నారు మా ఆయన. తలుపు తీసుకుని దిగారు. మంకీ క్యాప్ సర్దుకుని, ఎర్ర టార్చి నేలకు దించి, కారుకు పదడుగుల ముందు నడవడం మొదలుపెట్టారు. నాలుగడుగులు వేసి ఆగి, చెయ్యెత్తి కారును నిలబెట్టి, వంగి చూసి, మళ్ళీ రమ్మని చెయ్యి ఊపుతున్నారు. మేం ఆయన వెనకే, మనిషి నడక వేగంతో, పెద్దరోడ్డు దీపాలు కనపడేదాకా వెళ్ళాం.